కంటి కొలత

పోయిన అక్టోబరులో నా కన్ను అబద్ధం చెప్పింది.
రెండొందల యాభై గజాలంది.
అంగలేసి కొలిస్తే మూడొందల నలభై.
ఆ తేడాలోంచి ఒక ప్రాంగ్‌హార్న్ జింక
వెనక కాలు ఈడ్చుకుంటూ గట్టు దాటిపోయింది.
చీకటి పడేదాకా వెతికాను. మర్నాడూ వెతికాను.
సేజ్ పొదల మీద నెత్తురు చుక్కలు
ముందు బఠాణీ గింజలంత, తరవాత ఆవగింజలంత,
ఆ తరవాత లేవు.

మా వయోమింగ్‌లో దూరానికి ఒళ్ళు దాచుకోవడం తెలుసు.
చెట్టుండదు, స్తంభముండదు,
పక్కన పెట్టి చూసుకోవడానికి ఒక ఆవైనా ఉండదు.
మా నాన్న హాల్వర్ గాలిలో ఫుట్‌బాల్ మైదానాలు పేర్చేవాడు,
ఒకటి, రెండు, రెండున్నర,
"ఊఁ, కాల్చు" అనేవాడు.
ఆయన తగిలించిన కొమ్ములు గోడ నిండా ఉన్నాయి.
తప్పినవి ఎన్నో మా ఇంట్లో ఎవరూ లెక్కపెట్టలేదు.

స్కూలు బస్సు నడిపి మిగిల్చిన నూట యాభై డాలర్లు
కాఫీ డబ్బాలోంచి తీసుకుని
ఆగస్టులో డెల్మర్ కొట్టు మెట్లెక్కాను.
అద్దాల బీరువాలో నాలుగు రేంజ్‌ఫైండర్లు.
చివరిదాని ధర నా పికప్ టైర్లన్నిటికన్నా ఎక్కువ.
నా మొహం చూసి ఆయనే దాన్ని పక్కకి జరిపాడు.

"పెట్టె మీద వెయ్యి గజాలని రాశారే?"
"వెయ్యి, ఎండలో మెరిసే రేకు మీద" అన్నాడు.
"జింక తోలు వెలుతురు తాగేస్తుంది.
వెయ్యన్నవాడి దగ్గర నాలుగొందలు నమ్ము.
మిగతా ఆరొందలూ ఆ పెట్టెకు రంగులేసినవాడి జీతం."

మూడు పట్టుకుని బయటికొచ్చాం.
వాటర్ ట్యాంకు: మూడిటిదీ ఒకటే మాట.
గోధుమల గోదాం: మూడిటిదీ ఒకటే మాట.
పెద్దవాళ్ళ ముందు అందరూ సత్యవంతులే.
రోడ్డవతల, ఎండుగడ్డి వెనక మేస్తున్న
వెర్నా వాళ్ళ గోధుమరంగు మేక దగ్గర
సాక్షులు విడిపోయారు.
ఒకటి గడ్డినే కొలిచి తొంభై అంది.
ఒకటి రెండు గీతలు చూపించి నోరు మూసుకుంది.
మూడోది, రబ్బరు అంచు చిరిగినది,
ఎవరో వాడి తిరిగిచ్చేసినది,
రెప్పపాటు ఆలోచించి నూట ఎనభై ఏడు అంది.
బటన్ వదలకుండా పట్టుకుంటే
ఎనభై ఆరు, ఎనభై ఏడు, ఎనభై ఏడు.
తన గురించే అని తెలిసినట్టు
మేక తలెత్తి చూసింది.

మసక వెలుతురులో అంకెలు కనపడతాయా?
నల్లంకెలమ్మా, కనపడవు. ఎర్రంకెలకైతే ఇంకో ఎనభై డాలర్లు.
చలికి?
బ్యాటరీని చొక్కా లోపల పెట్టుకో, కోడిపిల్లని పెట్టుకున్నట్టు.
ఏటవాలుగా కాల్చాలంటే?
ఆ లెక్క మాత్రం దీనికి వచ్చు.
నూట పద్దెనిమిది. చిరుగు చూపిస్తే నూట ఐదు.
మిగిలినదాంతో ఒక పెట్టె తూటాలు కొన్నాను,
కాగితం మీద కాల్చి నన్ను నేను తిట్టుకోవడానికి.

సీజను మొదటి రోజు.
తెల్లవారుజామున పొట్ట మీద పాకి గట్టెక్కాను.
మగజింక, నల్లటి చెంపలు, ఒంటరిది.
కన్ను అదే పాత గొంతుతో
కూతవేటే కదా అంది.
రేంజ్‌ఫైండర్‌లో నలుపు మీద నలుపు.
డెల్మర్ చెప్పిందే. ఆగాను.
మోచేతుల కింద మంచు కరిగి చొక్కా తడిసింది.
సూర్యుడు వేలెడు లేచాక
అంకెలు ఒకదాని వెనక ఒకటి బయటికొచ్చాయి:
నాలుగొందల పన్నెండు.

మళ్ళీ నొక్కాను. నాలుగొందల పన్నెండు.
నాన్న మైదానాలు నాలుగు, ఆపైన ఇంకో పన్నెండు గజాలు.
నాకు మూడొందలు వచ్చు. గాలి లేకపోతే.
వేలు తీసేశాను.
అది కాసేపు మేసి, తోక తెల్లగా విప్పి,
తన పని మీద తాను వెళ్ళిపోయింది.

పోయినేడు గాయపడ్డది దాటిన గట్టు
ఇక్కణ్ణించి కనపడుతుంది.
ఊరికే, అటు తిప్పి నొక్కాను.
అంచుకి కాస్త పైన పట్టుకున్నానేమో,
ఆకాశం తగిలింది.
రెండు గీతలు చూపించింది, అంతే.